పడమటికి తిరిగిన నొగ

స్టోన్ ప్రెయిరీలో తెల్లారి లేచాక జనం చేసే మొదటి పని కాఫీ కాచుకోవడం. రెండోది, వాడుకుని ఇద్దామని ఎరువు తెచ్చుకున్న సామాన్లని మళ్ళీ సరిగ్గా పెట్టుకోవడం. పక్కింట్లోంచి తెచ్చుకున్న నిచ్చెన తెల్లారేసరికి పక్కింటికేసి ఒరిగి ఉంటుంది. పార మొన, ఆ పార ఇచ్చినవాళ్ళ గుమ్మం వైపు తిరిగి ఉంటుంది. ఇక చర్చి కింద వంటగదిలో విందయ్యాక కడిగిపెట్టిన గిన్నెల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒక్కో గిన్నె చెవి ఒక్కో ఇంటికేసి. అడుగున పేరు రాసి అంటించిన చీటీ చూడకుండానే ఆడవాళ్ళు ఎవరిది వాళ్ళు చంకన పెట్టుకుని పోతారు. ఇందులో వింతేముంది? తప్పిపోయిన కుక్క ఇంటి దారి చూడదూ, వస్తువూ అంతే.

అందుకే ఆ ఊళ్ళో ఇచ్చిన వస్తువుని తిరిగి అడగడమంత మోటుతనం ఇంకోటి లేదు. వస్తువే నోరు లేకుండా అడుగుతుంటే మనిషి నోరు పారేసుకోవడం దేనికి? ఇంకో మర్యాద కూడా ఉంది. తిరిగిచ్చేది ఏదైనా ఖాళీగా ఇవ్వకూడదు. గిన్నెలో నాలుగు బిస్కట్లు, బకెట్లో నాలుగు టమాటాలు, ఏదో ఒకటి ఉండాలి.

ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఆ బరువు వెండెల్ బ్రెకి మోసినంత కాలం విస్కాన్సిన్ మొత్తంలో ఇంకెవరూ మోసి ఉండరు.

వెండెల్‌కి డెబ్భై మూడేళ్ళు. పాడి ఆవుల్ని అమ్మేశాక పొద్దు పోక పాత తోట ట్రాక్టర్ల పిచ్చి పట్టుకుంది. అంటే పొలం దున్నే పెద్ద ట్రాక్టర్లు కావు. ఇంటి చుట్టూ గడ్డి కోసుకోడానికి, కూరమడి చేసుకోడానికి పనికొచ్చే బుల్లి ట్రాక్టర్లు. అరవైలనాటివి మూడున్నాయి ఆయన షెడ్డులో. ఏటా ఆగస్టులో ఆవిరి యంత్రాల తిరనాళ్ళ జరిగితే అక్కడి పాత సామాన్ల సంతకి వెళ్ళి, బోల్టు దగ్గర కూడా బేరమాడి, సాయంత్రానికి చేతులకి గ్రీజుతో వస్తాడు.

ఆ ఏడు సంతలో, తుప్పు ఇనుము కుప్పల మధ్య, ఒక తొట్టి బండి కనపడింది. బుల్లి ట్రాక్టరు వెనక, ముందుకి పొడుచుకొచ్చిన నొగ అనే ఇనుప కమ్మీతో తగిలించే రెండు చక్రాల రేకు తొట్టి. గడియ లాగితే వెనక్కి ఒరిగి సరుకంతా కుమ్మరించేస్తుంది. టైర్లు ఎండి బీటలేశాయి. తొట్టి అడుగు సొట్టలు. వెనక తలుపుకి దోసె ఆకారంలో ఒక అతుకు.

వెండెల్ వంగి దాన్ని వేలితో తడిమాడు. ఆ దోసె తను వేసిందే.

"పడమటికి తిరుగుతుందండీ ఇది," అన్నాడు అమ్మేవాడు, ఇల్లినాయి నుంచి వచ్చిన ముసలాయన. "పొద్దుట్నుంచి మూడుసార్లు సరిచేశాను. దీని నొగకి అటేదో పనున్నట్టుంది. నలభై డాలర్లు."

వెండెల్ బేరమాడలేదు.

ఇంటికొచ్చాక భార్య ఐడెల్లా బండి కన్నా ముందు ఆ మాట పట్టుకుంది. "అడిగినంతా ఇచ్చేశావా? నుదురు చూడనీ, జ్వరమేమో!"

"బాగుంది కదా అని."

"ఇదా బాగుంది! మన పెళ్ళప్పుడు నువ్వు ఇంతకన్నా బాగున్నావు, అయినా మా నాన్న బేరమాడాడు."

మామూలుగా అయితే వెండెల్ నవ్వేవాడు. ఆ రోజు బండిని షెడ్డులోకి తోసి, తలుపు మూసి, లోపలే కూర్చున్నాడు. బండి నొగ నేలమీద మెల్లిగా గీత గీసుకుంటూ పడమటికి తిరిగింది.

ముప్పై ఏడేళ్ళ కిందటి మాట. పక్క పొలం గేలన్ స్కార్‌ది. గేలన్, వెండెల్ ఒకే బస్సులో బడికి పోయినవాళ్ళు, ఒకే పడవలో చేపలు పట్టినవాళ్ళు. ఒక వసంతంలో వెండెల్ ఈ తొట్టి బండిని గేలన్ దగ్గర ఎరువు తెచ్చుకున్నాడు. కోళ్ళ ఎరువు తోలుకోడానికి ఎరువు తెచ్చుకున్న బండి, అంతవరకు బానే ఉంది. పని అయిపోయాక ఇచ్చెయ్యచ్చు కదా? ఉంది కదా అని గట్టుమీది రాళ్ళెత్తాడు. ఎత్తకూడనన్ని ఎత్తాడు. వెనక తలుపు చిరిగిపోయింది.

విరిగింది ఎలా ఇస్తాం, అతికించి ఇద్దామనుకున్నాడు. అతికించాడు, దోసెలా వచ్చింది. ఇంత అసహ్యంగా ఎలా ఇస్తాం, రంగేసి ఇద్దామనుకున్నాడు. అంతలో గడ్డి కోతలొచ్చాయి. ఆ తర్వాత పాల ధర పడిపోయి, బ్యాంకు గేలన్ పొలాన్ని, ఇంటిని, పశువుల్ని వేలానికి పెట్టింది.

వేలం రోజున ఊరంతా గేలన్ వాకిట్లోనే. వేలం వేసేవాడు చెక్క బల్లెక్కి జాబితా చదువుతూ ఒకచోట ఆగాడు. "తొట్టి బండి ఒకటి. ఏదీ? కనపడదే?"

అందరూ గేలన్ వైపు చూశారు. గేలన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎరువిచ్చాను. వస్తుంది," అన్నాడు.

ఎవరికిచ్చావని వేలం వేసేవాడు అడగలేదు, జనమూ అడగలేదు. కానీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. బ్యాంకు కళ్ళుగప్పి దాచేశాడు పాపం, అని ఆ చూపు. వెండెల్ మూడో వరసలో, చేతిలో సాండ్‌విచ్‌తో నిలబడి ఉన్నాడు. నా దగ్గరుంది అంటే అయిపోయేది. రెండు మాటలు. అతుకు గుర్తొచ్చింది. ఇంతమంది ముందు ఆ దోసె తెచ్చి పెట్టడమా అనిపించింది. సాండ్‌విచ్ కొరికాడు.

తర్వాత వారానికి గేలన్ భార్య ఆర్లిస్ నది దాటి చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయిందని తెలిసింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. గేలన్ టౌన్లో చిన్న గది తీసుకుని దాణా మిల్లులో పనికి కుదిరాడు. షెడ్డులో దాచిన బండి మాత్రం ఊరుకోలేదు. నొగతో పడమటి గోడని నెట్టీ నెట్టీ ఒక చెక్క ఊడగొట్టింది. రోడ్డు మీంచి కనపడుతుందేమోనన్న భయంతో వెండెల్ ఒకనాడు దాన్ని పికప్ ట్రక్కులో వేసుకుని రెండు గంటలు దక్షిణంగా పోయి ఎవరో పరాయివాడికి అమ్మేశాడు. అప్పట్నుంచి గేలన్ ఎదురైతే పక్క వీధిలోకి తిరిగిపోవడం అలవాటు చేసుకున్నాడు.

అమ్మినా, పదిమంది చేతులు మారినా బండికి పట్టలేదన్నమాట. నొగ ఇంకా అటే.

"బాగుచేస్తాను," అనుకున్నాడు వెండెల్. "కొత్తదానికన్నా బాగా చేసి ఇస్తాను." సిగ్గుపడ్డ మగవాడికి అంతకన్నా మార్గం తోచదు. మాట అనడం కన్నా రంగెయ్యడం తేలిక.

ఆయన పనితనం గురించి అబద్ధం చెప్పకూడదు. మూడు రోజులు బోల్టులకి నూనె తాగించాడు. ఒక్కటీ విరక్కుండా విప్పాడు. పాత పశువుల నీళ్ళతొట్టిలో నీళ్ళు, బెల్లపు మడ్డి కలిపి చక్రాలూ ఇరుసూ గడియా అందులో పదిహేను రోజులు నానేశాడు. తుప్పు దానంతటదే వదిలిపోయింది. కందిరీగలు మాత్రం జిల్లా నలుమూలల నుంచీ వచ్చాయి. ఇసక సంచీ మీద పెట్టి సొట్టలు ఒక్కొక్కటీ చెక్క సుత్తితో తీశాడు. తిరిగే తీగ బ్రష్షుతో ముందు అడుగు భాగం గీకాడు. పైన మెరిపించి కింద వదిలేసేవాళ్ళంటే ఆయనకి గిట్టదు. అడుగున ఎర్రటి చారలేవో ఉంటే రంగు కింద వేసే పాత ప్రైమరనుకుని అవీ గీకేశాడు. దోసె అతుకున్న తలుపుని అవతల పారేసి కొత్త రేకుతో ఇంకోటి చేశాడు. గడియ కింద దాక్కున్న కాస్త పాత రంగుని షాపుకి పట్టుకెళ్ళి, అచ్చు అదే పసుపు కలిపించాడు.

ఎండబెట్టడానికి బయటపెడితే టపా పంచే ఆయన కారాపి చూశాడు.

"భలే కుదిరింది వెండెల్. పడమటికి చూస్తోందే?"

"ఆ. గాలి."

"గాలేలే," అని ఆయన కారు పోనిచ్చాడు. గాలికి ఆకు కూడా కదలట్లేదు.

ఐడెల్లా కాఫీ తెచ్చి, పసుపు తొట్టి చుట్టూ ఒక చుట్టు తిరిగి, పారేసిన పాత తలుపు కాలితో తిరగేసింది. "నీ అతుకే కదూ ఇది? నీ చేతి అతుకు నాకు తెలీదా. నా కుక్కరు పిడి కూడా ఇలాగే ఉంది."

వెండెల్ చెప్పేశాడు. సాండ్‌విచ్‌తో సహా చెప్పేశాడు.

ఆవిడ ఆ తలుపుని కాలితో మళ్ళీ బోర్లా తిప్పింది. తర్వాత, "షెడ్డు చెక్క ఊడినప్పుడు ఎలుకలన్నావు," అంది. "అంత బలిసిన ఎలుకలేమిటా అనుకున్నాను. రంగు ఆరిందిగా? ఇంకా ఏం చూస్తున్నావు?"

*

గేలన్ ఉండేది దాణా మిల్లు వెనక ఒంటి గదిలో. కళ్ళు పాడయ్యాయి. చూపు మధ్యలో మసక, అంచులు మాత్రమే కనిపిస్తాయి. మనిషిని చూడాలంటే మొహం పక్కకి తిప్పుకుని చూడాలి. తలుపు తీసి అలాగే చూశాడు.

"ఎవరూ?"

"నేన్రా. వెండెల్‌ని."

"ఏ వెండెల్? నేనెదురైతే సందులోకి తిరిగిపోయే వెండెలా? చూపున్న రోజుల్లో నీ వీపు బాగా చూశాన్రా. మొహమే మర్చిపోయాను."

వెండెల్ పికప్‌కి రెండు చెక్కలు వాల్చి బండిని దింపాడు. గేలన్ దగ్గరికొచ్చి చేత్తో తడిమాడు. అంచు, చక్రం, గడియ. గడియ లాగాడు. టక్‌మంది. ఆ చప్పుడుకి గేలన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వేలం రోజు నేనక్కడే ఉన్నాన్రా," అన్నాడు వెండెల్. "నోరు తెరవలేదు."

"తెరవకపోవడమేం, తెరిచావు. హామ్ సాండ్‌విచ్. అప్పటికి నా కళ్ళు బానే ఉన్నాయి."

"మరి నా పేరెందుకు చెప్పలేదురా?"

"ఇచ్చింది అడుగుతారా ఎవరైనా? అందులోనూ పదిమందిలో?" గేలన్ మిల్లు గోడకి ఆనుకున్నాడు. "నువ్వే చెప్తావనుకున్నాను. సాండ్‌విచ్ అయిపోనీ, చెప్తాడులే అనుకున్నాను. ఇంత పెద్ద సాండ్‌విచ్ అనుకోలేదు."

వెండెల్ తల దించుకున్నాడు. ఇప్పుడు నొగ నేలకి వాలుతుంది, ఇంటికి చేరిన వస్తువు చల్లబడుతుంది కదా అని చూస్తున్నాడు. వాలలేదు. గేలన్‌ని దాటి, మిల్లుని దాటి, ఇంకా పడమటికే చూస్తోంది.

"చల్లబడదేమిటిరా?"

"నాదైతేగా." గేలన్ వంగి తొట్టి అడుగున వేళ్ళతో వెతికాడు. మళ్ళీ వెతికాడు. "ఇక్కడ పేరుండాలే. గిన్నెలకి రాసుకున్నట్టు గోళ్ళ రంగుతో రాసుకుంది. ఎర్రటిది. చేతికి తగిలేది."

వెండెల్‌కి ఆ ఎర్రటి చారలు గుర్తొచ్చాయి. "ప్రైమరనుకున్నాన్రా," అన్నాడు. "గీకేశాను."

గేలన్ మెల్లగా నిలబడ్డాడు.

"ఇది ఆర్లిస్‌దిరా. పిల్లలకి పియానో నేర్పి కూడబెట్టుకుని కొనుక్కుంది, పూలమొక్కల మట్టికి. నేను తనని అడక్కుండా నీకిచ్చాను. అన్నీ పోయిన రోజు రాత్రి ఒక్కటే అడిగింది, నాదంటూ ఒక్కటుంది అదన్నా తెచ్చిపెట్టు, ఎవరికిచ్చావో చెప్పు, నేను పోయి తెచ్చుకుంటాను అని. నేను వస్తుంది వస్తుంది అన్నాను. పెళ్ళాం కన్నా నీకు ఆ మనిషి మర్యాద ఎక్కువైందా అంది. వారానికి వెళ్ళిపోయింది."

మిల్లు మోటారు ఆగినా ఆ చప్పుడు చెవుల్లో ఉండిపోయినట్టు, ఆ మాట వెండెల్ లోపల ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఒక రేకు తలుపుకి సిగ్గుపడ్డాననుకున్నాడు. విరగ్గొట్టింది తలుపు ఒక్కటే కాదు.

"నేను తీసుకెళ్ళిస్తాన్రా. ఇప్పుడే."

"ఖాళీగానా?" అన్నాడు గేలన్. "మీ అమ్మ నీకు ఏం నేర్పలేదురా?"

*

గేలన్ పాత పొలాన్ని ఇప్పుడు కౌలుకి దున్నేది వెండెలే. ఇల్లు కూల్చేశారు, పునాది రాళ్ళే మిగిలాయి. ఆ రాళ్ళ పక్కన ఆర్లిస్ పెట్టిన పియొనీ మొక్కల వరస మాత్రం ఉంది. ఏటా జూన్‌లో పిడికిలంత పూలు పూస్తాయి, చూసేవాళ్ళు లేకుండా. వెండెల్ ముప్పై ఏళ్ళుగా ఆ వరసకి అంగుళం తగలకుండా నాగలి తిప్పుకుపోతున్నాడు. ఎందుకని ఎవరైనా అడిగితే రాళ్ళున్నాయనేవాడు.

పియొనీ దుంపలు తవ్వాలంటే సెప్టెంబరే అదను. ఇద్దరు ముసలాళ్ళూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. వెండెల్ తవ్వుతుంటే గేలన్ మట్టి దులిపి, ఎర్రటి మొగ్గ కళ్ళని వేలితో తడిమి, దెబ్బ తగలకుండా తొట్టిలో పేర్చాడు. తొట్టి నిండింది. నొగ పికప్‌లో కూడా పడమటికే చూస్తూ, మెలికల దారిలో ప్రతి మలుపుకీ కాస్త కాస్త తిరుగుతూ, మిసిసిపీ వంతెన దాటింది.

ఆర్లిస్ ఇల్లు నది ఒడ్డున గట్టు మీద. తోట చేతిజోళ్ళతోనే బయటికొచ్చింది. మనుషుల్ని చూడలేదు, బండినే చూసింది. పచ్చికలోకి దించగానే నొగ, సాయంత్రం ఆవు పడుకున్నట్టు, మెత్తగా నేలకి వాలింది.

వెండెల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు. రాళ్ళు, తలుపు, వేలం, షెడ్డు గోడ, అమ్ముకోవడం. ఎక్కడా తనకి అనుకూలంగా ఒక్క మాట వేసుకోలేదు. వేసుకోడానికి లేదు కూడా.

ఆవిడ గడియ లాగింది. తొట్టి వెనక్కి ఒరిగి దుంపలన్నీ పచ్చిక మీదికి దొర్లాయి. ఆ ఒరిగినదాన్ని ఇంకాస్త ఎత్తి కింద చూసింది.

"నా పేరేదీ?"

"అదీ నేనే. చూసుకోకుండా గీకేశాను."

"ముందు బండి. తర్వాత పేరు. ఇంకేమన్నా మిగిలిందా వెండెల్?"

చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. తలుపు పడింది. సరే, ఇంతే మనకి తగింది అనుకుని వెండెల్ చెక్కలు ఎత్తబోయాడు. మళ్ళీ తలుపు తెరుచుకుంది. చేతిలో గోళ్ళ రంగు సీసా. పచ్చిక మీద చతికిలబడి, కళ్ళజోడు సర్దుకుని, కొత్త పసుపు రంగు అడుగున తన పేరు రాసుకుంది. లేత గులాబీ రంగుతో.

"ఎరుపు కాదా?" అన్నాడు గేలన్, మొహం పక్కకి తిప్పి చూస్తూ.

"మానేసి చాలా ఏళ్ళైంది. నువ్వు చూస్తే కదా తెలిసేది." సీసా మూత బిగించింది. "ఎవరికిచ్చావో ఒక్క ముక్క చెప్పడానికి ముప్పై ఏడేళ్ళు పట్టిందా నీకు?"

"వస్తుందన్నానా లేదా," అన్నాడు గేలన్. "వచ్చింది."

ఆవిడ నవ్వలేదు. కానీ లోపలికెళ్ళి, చల్లారుతున్న ఆపిల్ కేకు గాజు పళ్ళెంతో సహా తెచ్చి గేలన్ చేతుల్లో పెట్టింది. పళ్ళెం అడుగున చీటీ మీద పేరుంది. వెండెల్ వైపు తిరిగి, "నీకు మాత్రం ఏదీ ఎరువివ్వను. ఇంకో ముప్పై ఏడేళ్ళు కాచుక్కూర్చునే వయసు కాదు నాది," అంది.

"సరే," అన్నాడు వెండెల్. అది న్యాయమే అనిపించింది.

తర్వాతి శనివారం పొద్దున్నే గేలన్ ఫోను. "ఈ పళ్ళెం చెవి వారం నుంచీ పడమటికి తిరిగి నన్ను తిననివ్వట్లేదురా. ఇచ్చి రావాలి. ఖాళీగా కాదు, జున్ను కొన్నాను. నాకు బండి నడిపే కళ్ళు లేవు. నువ్వు?"

వెండెల్ వెళ్ళాడు. గేలన్ లోపలికి, వెండెల్ పికప్‌లో. ఆవిడ వెండెల్‌ని లోపలికి రమ్మనలేదు, ఆయన ఆశించనూ లేదు. గంట తర్వాత గేలన్ అదే పళ్ళెంలో ఇంకేదో పెట్టించుకుని వచ్చాడు. ఆ శనివారం, పై శనివారం, మంచు కురిసిన శనివారం. పళ్ళెం నది మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చలికాలంలో వెండెల్ దుప్పటి కప్పుకుని పాత పత్రికలు చదువుకునేవాడు. కిటికీలోంచి పియానో చప్పుడు వినపడితే పత్రిక దించి వినేవాడు. తనకి కాదని తెలిసి, దొంగతనంగా విన్నట్టుండేది.

మరుసటి జూన్‌లో ఒక శనివారం గేలన్ మెట్ల దాకా వచ్చి చెయ్యూపాడు. చేతిలో పళ్ళెం లేదు. "నువ్వెళ్ళరా. నేను ఉంటాను."

"ఎప్పుడు రమ్మంటావు మళ్ళీ?"

"చెప్పానుగా. ఉంటాను."

వెండెల్ తాళం తిప్పుతుంటే ఆర్లిస్ పికప్ కిటికీ దగ్గరికొచ్చింది. ఆవిడ వెనక పసుపు తొట్టి బండి పక్కన, కొత్త మడిలో, ఒకే ఒక్క పియొనీ పూసి ఉంది. చేతిలో కాఫీ కప్పు. నీలం గీతల పింగాణీది, ఇంట్లోది.

"దూరం పోవాలిగా. దారిలో తాగు," అంది. కప్పు సంగతి ఏమీ అనలేదు. అనకూడదు కదా.

వంతెన మీద వెండెల్ కాఫీ తాగి కప్పుని పక్కన పెట్టాడు. మలుపు మలుపుకీ దాని చెవి చిన్న చప్పుడు చేసుకుంటూ వెనక్కి, నది వైపుకి తిరుగుతోంది. ఆయన ఒక్కసారి కూడా సరిచెయ్యలేదు.

ఇంటి ముందు దిగుతుంటే ఐడెల్లా వరండాలోంచి చూసింది. "ఎవరిదా కప్పు? పడమటికి చూస్తోంది."

"ఆర్లిస్‌ది."

"ఇచ్చిందా! ఎప్పుడిస్తావు తిరిగి?"

వెండెల్ అప్పటికే కప్పు పట్టుకుని స్ట్రాబెర్రీ మడి వైపు నడుస్తున్నాడు. "ఇప్పుడే," అన్నాడు. "ఇంజను ఆపలేదు చూడు."